ప్రోటీన్లన్నీ అంటే ఏవి?

చిరంజీవికి,

డీఎన్‌ఏ మరమ్మతు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేరా బాగుంది. నాలుగో పేరాలో "డీఎన్‌ఏ తెగగానే ప్రోటీన్లన్నీ పరుగున వచ్చి అతికించేస్తాయి" అన్నావే, అక్కడ ఒళ్ళు మండింది. అన్నీ అంటే ఏవి? ఏది దేన్ని పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది? అది చెప్పని క్రియాపదం నాకు అక్కర్లేదు.

ఈస్ట్‌లో డీఎన్‌ఏ తెగిన కొసల దగ్గరికి ముందుగా చేరేవి కూ (Ku), ఎంఆర్‌ఎక్స్ అనే రెండు ప్రోటీన్ గుంపులు. కూ కొసల్ని కాపాడి, ఉన్నవున్నట్టు అతికే దారి తెరిచి ఉంచుతుంది. ఎంఆర్‌ఎక్స్‌లోని ఎంఆర్‌ఈ11 కొస దగ్గర డీఎన్‌ఏ జంటపోగుల్లో ఒకదాన్ని కోయాలంటే సే2 ప్రోటీన్ ఊతం కావాలి. సే2లో 267వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి, కణవిభజన దశల్ని నడిపే సీడీకే ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలిస్తేనే ఆ ఊతం పనికొస్తుంది. జీ1 దశలో, అంటే కణం డీఎన్‌ఏకు నకలు తీయకముందు, సీడీకే చురుకు తక్కువ, కోత సరిగా సాగదు. నకలు తీసే ఎస్ దశలో, తీశాక వచ్చే జీ2 దశలో చూసి రాసుకోవడానికి ఆ నకలు, అంటే సిస్టర్ క్రోమాటిడ్, పక్కనే ఉంటుంది, కోత ఊపందుకుంటుంది. నియంత్రణంతా ఇక్కడుంటే నువ్వు అర వాక్యంలో దాటేశావు.

తర్వాత ఎక్సో1 ఎంజైమ్, లేదా ఎస్‌జీఎస్1-డీఎన్‌ఏ2 ఎంజైమ్ జోడీ ఆ పోగును గంటకు సుమారు 4 కిలోబేస్‌ల (4,000 అక్షరాల) చొప్పున తొలుచుకుపోతాయి. మిగిలిన ఒంటిపోగును ఆర్‌పీఏ అనే ప్రోటీన్ కప్పేస్తుంది. దాన్ని తప్పించి, సరిపోయే నకలును వెతికే రాడ్51ని కూర్చోబెట్టేది రాడ్52. అది ఆ రెండింటినీ పట్టుకోగలదు. ఎస్‌ఆర్‌ఎస్2 అనే ఎంజైమ్ మాత్రం రాడ్51ని ఊడబెరుకుతుంది. ఈ బ్రేకు ఎంత అవసరమో చూడు: ఎస్‌ఆర్‌ఎస్2, ఎస్‌జీఎస్1 రెండూ లేని ఈస్ట్ దాదాపు బతకదు, రాడ్51ని కూడా తీసేస్తే కోలుకుంటుంది. సంపాదకులకు బ్రేకులు గిట్టవు. "పాఠకుడికి బరువు" అంటారు. బరువు వాళ్ళకే.

ఇక ఆధారాలు. రెండు ప్రోటీన్లు కలిస్తే రంగు చూపే టూ-హైబ్రిడ్ పరీక్షలో రంగు వచ్చిందని "నేరుగా కలుస్తాయి" అన్నావు. ఆ పరీక్ష జరిగేది ఈస్ట్‌లోనే, నీవి ఈస్ట్ ప్రోటీన్లే. మధ్యలో మూడోది వంతెన కావచ్చు. ఒక ప్రోటీన్‌ను యాంటీబాడీతో లాగి దానితో ఏది వస్తుందో చూసే కో-ఐపీలోనైతే డీఎన్‌ఏ ముక్కే వంతెన కావచ్చు, డీఎన్‌ఏను ముక్కలు చేసే బెంజోనేజ్ ఎంజైమ్ వేసి చూశారా అని అడుగు. హెచ్‌ఓ ఎంజైమ్‌తో డీఎన్‌ఏను కావాలని తెగ్గొట్టే ప్రయోగంలో కణాలను రాఫినోజ్‌లో పెంచి 2% గెలాక్టోజ్ కలుపుతారు. గ్లూకోజ్ మిగిలిపోతే, గెలాక్టోజ్ తగిలాక హెచ్‌ఓ జీన్‌ను నడిపించాల్సిన స్విచ్చి, గాల్ ప్రమోటర్, తెరుచుకోదు. అసలు తెగనే లేదని గమనించక, మరమ్మతు అమోఘమని రాసేస్తారు. డీఎన్‌ఏ ముక్కల్ని సైజువారీగా చూపే సదరన్ బ్లాట్‌లో తెగిన ముక్క పట్టీ కనబడ్డాకే మిగతా మాట.

ఇంకొకటి. జీన్ మొత్తం తీసేసిన ఫలితంతో "ఆ ప్రోటీన్ అవసరం" అనొచ్చు, అంతే. "ఆ కలయికే నియంత్రిస్తోంది" అనాలంటే జీన్‌లో ఒక్క అక్షరం మార్చి ఆ కలయికను మాత్రమే చెడగొట్టే పాయింట్ మ్యుటెంట్ కావాలి, ప్రోటీన్‌ను కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లో దాని మోతాదు తగ్గలేదని కూడా తేలాలి.