బడి కమిటీకి నిలబడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

బడి కమిటీకి నిలబడుతున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు చైర్మన్ కుర్చీలో కూర్చుంటే నాకంటే సంబరపడేవాళ్ళు ఎవరుంటారే, కానీ నా భయాలు నాకున్నాయి, విను.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్ళు. బడికి ప్లాన్ రాయడం, డబ్బు ఎటు పోతుందో చూడటం మీ పనే. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. నీ బదులు మీ ఆయన్ని కూర్చోనివ్వకు, మంచోడే, అయినా వద్దు. మధ్యాహ్న భోజనానికి ఆకలన్నవాళ్ళకల్లా అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు కదా, వారానికోసారి పిల్లలతో కూర్చుని తిను.

అసలు సంగతి ఇది. నేను గోదావరి లంక ఊళ్ళో పనిచేసినప్పుడు బడి మీటింగ్ సార్వా వరి నాట్ల టైములో, పొద్దున్న పదకొండింటికి పెట్టేవారు. అప్పటికి కూలితల్లులు మోకాల్లోతు బురదలో ఉంటారు, ఎవరొస్తారు చెప్పు. సాయంత్రం రిజిస్టర్ పట్టుకుని గట్టు మీదకే పోయేవారు, వాళ్ళు బురద చెయ్యి చీరకి తుడుచుకుని వేలిముద్ర వేసేసేవారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఒకసారి ఒకావిడ కూలి మానుకుని మరీ వచ్చింది. అందరి ముందూ "మీవాడికి అక్షరాలు కూడా రావు, ఇంట్లో పట్టించుకోరా" అనేశారు. చదువు రాని మనిషి ఏం పట్టించుకుంటుందే? కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ గేటు లోపలికి రాలేదు. ఆ పిల్లాడు ఏడో తరగతితో ఆపేసి రొయ్యల చెరువుల మీద పనికి పోయాడు. నాకిప్పటికీ కోపం తగ్గలేదు.

2020లో బడికి పంపే తల్లులకి డబ్బిచ్చే అమ్మఒడి వచ్చింది, ఇప్పుడు తల్లికి వందనం కింద 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి, 2024 డిసెంబర్ నుంచి మెగా పేరెంట్ టీచర్ మీటింగులూ పెడుతున్నారు. మంచివే, కాదనను. ఆ డబ్బు పడాలంటే 75 శాతం హాజరుండాలి కాబట్టి పిల్లలు బడికొస్తారు. కానీ ఇంటికొచ్చాక ఆ తల్లి ఏం చెయ్యాలో ఎవరు చెప్తారు? అది నువ్వు చెప్పించు. మీటింగులు ఆదివారమో, పొద్దు వాలాకో పెట్టమను. పిల్లకి ఏం వచ్చో ముందు చెప్పి, రానిది విడిగా పిలిచి చెప్పమను. తల్లికి అక్షరం రాకపోయినా పర్లేదు, అన్నం వండేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు వాచకం పైకి చదివించుకుని, కథలో ఏమైందే అని అడిగితే చాలు, పిల్ల ఎక్కడ తడబడిందో తనకే తెలిసిపోతుంది.

భయపడకురా తల్లీ, నీకు మాట బాగా వచ్చు. ఎన్నిక తారీఖు తెలియగానే చెప్పు, ఆ పూట పిల్లల్ని నేనొచ్చి చూసుకుంటాను.

మీ అత్త