సరస్సు ఒడ్డున విమానాల కర్మాగారం ఎందుకు?

ప్రశ్న: సియాటిల్ దగ్గర మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు రెంటన్‌లో బోయింగ్ కర్మాగారం చూశాను. దాన్ని సరిగ్గా సరస్సు అంచున ఎందుకు కట్టారండీ? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: అమ్మా, మీరు చూసింది నీటిమీద దిగే విమానాల కోసం కట్టిన చోటు. అమెరికా నౌకాదళం బోయింగ్‌కు 57 ‘సీ రేంజర్’ గస్తీ విమానాలు పురమాయించింది. విమానం తయారవగానే తిన్నగా వాషింగ్టన్ సరస్సులోకి దించాలని ఆలోచన.

1942 జులై 9న మొదటిది ఎగిరింది. పడవలాంటి అడుగుభాగం, సుమారు 42 మీటర్ల రెక్కలు. బాంబులు ఆ రెక్కల కడుపులోనే. అంత బరువును మోసినవి రెండే రెండు ఇంజన్లు! ఇంజన్లు విప్పి బిగించడంలోనే ముప్పై ఏళ్లు గడిపిన నాకు ఇది ఇప్పటికీ అబ్బురమే.

చిక్కు కూడా ఆ ఇంజన్లతోనే వచ్చింది. రైట్ సంస్థ చేసే అదే ఆర్-3350 ఇంజన్లు బి-29 బాంబర్‌కు నాలుగేసి కావాలి. పైగా నేలమీది నుంచి ఎగిరే పెద్ద విమానాలు కూడా సముద్రంపై గస్తీ తిరగగలవని అప్పటికి తేలిపోయింది. నౌకాదళం రెంటన్‌ను సైన్యానికి వదిలేసి, బదులుగా బి-24, బి-25 బాంబర్లలో వాటా తీసుకుంది. అక్కడ వెయ్యికి పైగా బి-29లు తయారయ్యాయి. సీ రేంజర్ మాత్రం ఆ మొదటిది ఒక్కటే తయారైంది. ‘లోన్ రేంజర్’, అంటే ఒంటరి రేంజర్, అని పిలిచేవారు. దాన్ని భద్రపరచకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడక్కడ 737 ప్రయాణికుల విమానాలు తయారవుతున్నాయి.