గాలం వేసే ముందు నీళ్లు చూడు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

గాలం కట్టె కొన్నావని, సెలవు దొరికితే మన ఊరి చెరువుకు వస్తానని చెప్పావు. చాలా సంతోషం. నలభై ఏళ్లుగా ఈ కట్ట మీద కూర్చుంటున్నవాణ్ని. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా.

మీ తాత రోజుల్లో చెరువు నిండాలంటే వానే పడాలి. మిరుగు (మృగశిర కార్తె) దాటినంక వరద రావడం, మత్తడి (అలుగు) దుంకడం, చేప ఎదురెక్కడం అందరికీ తెలిసిన లెక్క. ఇప్పుడు దేవాదుల నుంచి గోదావరి నీళ్లు ధర్మసాగర్ చెరువుకు ఎత్తిపోస్తున్నారు. అక్కణ్నుంచి కాలువల్లో వదిలితే వాన చుక్క లేని రోజుల్లో కూడా మన చెరువుకు నీళ్లు వస్తున్నాయి. అందుకే నెలలు లెక్కపెట్టుకొని రాకు, ముందురోజు నాకు ఫోన్ చెయ్యి. నీళ్లు ఎక్కుతుంటే చేప ఒడ్డుకు వస్తుంది. కొత్తగా మునిగిన గడ్డిలో పురుగులు, ఎర్రలు (వానపాములు) దొరుకుతాయి కదా. అప్పుడు గాలం దూరం విసరొద్దు, రెండు బారల లోపలే వెయ్యి. నీళ్లు దిగుతుంటే చేప లోతుకు జరుగుతుంది, అప్పుడు తూము వైపు కూర్చో.

లోతు అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం రెండుసార్లు చదువు. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైనంక మన చెరువులో కూడా పూడిక తీశారు. ఒండ్రు పొలాలకు పోయింది, మంచి పనే. కానీ జేసీబీ తవ్విన చోట గుంతలు మిగిలాయి. మోకాలు లోతులో నడుస్తుంటావు, ఇంకో అడుగు వేస్తే తల మునుగుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీకు ఈత రాదు. గాలం ఎక్కడైనా చిక్కుకుంటే దారం తెంపెయ్యి, దిగి తీయాలని చూడకు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఒకసారి రా, గుంతలు ఎక్కడున్నాయో నడిచి చూపిస్తా. ఆ కాలంలో పెద్ద చేపలు చేరేది కూడా వాటిలోకే.

రోహిణి కార్తెలో తెల్లవారుజామునే వస్తే చేప బాగా పడుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది తప్పు. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. దానికి తోడు రాత్రంతా నాచు కూడా పీల్చుకుంటుంది, తెల్లారేసరికి ఇంకా తగ్గిపోతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అవి ఆకలితో లేవు, ఊపిరాడక ఉన్నాయి. అప్పుడు గాలం పక్కన పెట్టి మత్స్య సొసైటీ వాళ్లకు చెప్పు. ఎండ ఎక్కి గాలికి అలలు లేచినంక మళ్లీ చూడొచ్చు. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది కాబట్టి బురద మడుగులో కూడా దొరుకుతుంది.

వానకు ఎర్రనీళ్లు వస్తే రవ్వ, బొచ్చ చేపలకు ఎర కనబడదు. తవుడు, పల్లిచెక్క కలిపి ముద్ద చెయ్యి, ఆ వాసనకు వస్తాయి. చలికాలం పొద్దెక్కినంకే రా.

వానాకాలంలో నీళ్ల మీద ఎర్రగా, గుంపుగా చిన్న పిల్లలు కదులుతూ కనిపిస్తే అవి కొర్రమీను పిల్లలు. తల్లో తండ్రో కిందనే కాపలా ఉంటుంది. అక్కడ కప్పను గుచ్చి వేస్తే వెంటనే పట్టుకుంటుంది, ఆకలితో కాదు, పిల్లల మీది భయంతో. వయసులో ఉన్నప్పుడు నేనొకసారి అలా పట్టాను. సాయంత్రానికి ఆ గుంపులో పదో ఇరవయ్యో మిగిలాయి, మిగతావన్నీ వేరే చేపలు తినేశాయి. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నువ్వు ఆ పని చెయ్యకు.

చెరువులో చేప మీద హక్కు సొసైటీది. మన ముదిరాజుల బతుకు దాని మీదే. వచ్చిన రోజే వాళ్ల పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోతా, నువ్వే అడుగు. వేళ్లంత చేప పడితే చెయ్యి తడి చేసుకొని పట్టుకో, మెల్లగా ముల్లు తీసి వదిలెయ్యి.

ఎర కోసం ఏమీ కొనుక్కు రావద్దు. పేడకుప్ప వెనక తడి మట్టిలో ఎర్రలు బాగా ఉన్నాయి, నువ్వు వచ్చేసరికి తవ్వి డబ్బాలో పెట్టి ఉంచుతా.

మీ మామ