ఎలక్ట్రాన్ల కదలికను చూసే చదువు

గుంటూరు నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. నానో పదార్థాలలో ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో చూసే పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచరు అయితే మేలని మా అభిప్రాయం. ఏం చేయమంటారు?"

అయ్యా, మీ అమ్మాయి ఎంచుకున్నది గట్టి పునాది ఉన్న రంగమే. సెకనును వంద కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేది ఒక అటోసెకను. ఎలక్ట్రాన్ల కదలికను పట్టుకోవాలంటే ఇంత చిన్న కొలత కావాలి. ఆ కొలతలో వెలిగి ఆరే కాంతి పల్స్‌లను సృష్టించే ప్రయోగ పద్ధతులకు పియర్ అగొస్తీని, ఫెరెన్స్ క్రౌజ్, ఆన్ లుయిలియేలకు 2023లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. అయితే కాలంతో పాటు చోటును కూడా పరమాణువు మేరకు పట్టుకోవాలంటే, స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు (పదార్థపు ఉపరితలాన్ని పరమాణువుల మేరకు చూపే పరికరం) సూదిమొనను పదార్థానికి సుమారు నానోమీటరు (మీటరులో వంద కోట్లవ వంతు) దూరంలో నిలిపి, దానిపై లేజర్ పల్స్‌లు పంపుతారు. మొదటి పల్స్ ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, కాస్త ఆగి వచ్చే రెండోది అప్పటి స్థితిని నమోదు చేస్తుంది. ఆ ఆలస్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ ప్రయోగాన్ని ఎన్నోసార్లు చేసి, కొలతలను వరుసగా పేరిస్తే కదలిక బయటపడుతుంది. ఆలస్యాన్ని మార్చేది ఒక అద్దం: దాన్ని 1.5 మైక్రోమీటర్లు జరిపితే, కాంతి వెళ్లి రావలసిన దారి 3 మైక్రోమీటర్లు పెరిగి, 10 ఫెమ్టోసెకన్ల (ఒక ఫెమ్టోసెకను అంటే వెయ్యి అటోసెకన్లు) తేడా వస్తుంది. డిగ్రీ ఆప్టిక్స్‌లో చదివే, కాంతిని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ సూత్రమే ఇది.

కాబట్టి ముందుగా ఆమెకు ప్రాక్టికల్స్ అంటే ఇష్టమో కాదో కనుక్కోండి. మార్కుల కంటే నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఈ పరిశోధకుల రోజులు చాలావరకు అద్దాలు సరిచేయడంలో, గాలి తీసేసిన (వాక్యూమ్) పరికరాల్లో లీకులు వెతకడంలో గడుస్తాయి. క్వాంటం మెకానిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పటి నుంచే శ్రద్ధగా నేర్చుకోవాలి. చివరి సంవత్సరంలో జామ్ (ఎమ్మెస్సీ వంటి కోర్సులకు జాతీయ ప్రవేశ పరీక్ష) రాస్తే ఐఐటీలలో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి అవకాశం ఉంటుంది.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుందన్న మాట దాచను. అయితే ఆ కాలమంతా మీరు ఖర్చు పెట్టనక్కరలేదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు; ఇది 2023 నుంచి ఉన్న మొత్తం. లేజర్లు, వాక్యూమ్, సూక్ష్మ కొలతలు తెలిసినవారికి సెమీకండక్టర్ పరిశ్రమలోనూ పని ఉంటుంది. బీఈడీని ఎమ్మెస్సీ తరువాత కూడా చేయవచ్చు కనుక, జామ్ ఫలితం వచ్చేవరకు ఆ నిర్ణయాన్ని వాయిదా వేయమని నా మనవి.