యాడ్‌వర్బ్స్ రకాలన్నీ వచ్చినా రాసేటప్పుడు తప్పులెందుకు వస్తున్నాయి?

ప్రశ్న ఇది: "ఇంగ్లీషు గ్రామర్‌లో యాడ్‌వర్బ్స్ రకాలన్నీ చదివాను. అయినా రాసేటప్పుడూ మాట్లాడేటప్పుడూ తప్పులు వస్తున్నాయి. వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది. ఎలా నేర్చుకోవాలి?"

రకాలన్నీ వచ్చు అంటున్నారు కదా, ముందు వాటిని పక్కన పెట్టండి. యాడ్‌వర్బ్ అంటే పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎంత జరిగిందో చెప్పే మాట. దాన్ని మ్యానర్, ప్లేస్, టైమ్, డిగ్రీ అని గళ్లు గీసి నింపితే పరీక్షలో మార్కులు పడతాయి, అంతవరకే. నేను ఇంగ్లీషు మాస్టారిని కాదు. గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఫైటో సర్టిఫికెట్ (సరుకులో పురుగూ తెగులూ లేవని ఇచ్చే పత్రం) లాంటి కాగితాలు చూస్తుంటాను. ఒక్క యాడ్‌వర్బ్ వల్ల కంటైనర్ బేరం చెడిపోయేదాకా వెళ్లడం కళ్లారా చూశాను కాబట్టి, మీ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను.

మా ఓనరు గారికి ఒక మేనల్లుడు. ఎంబీఏ అయిపోయింది, అరండల్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు కూడా చేశాడు. కుర్రాడు మంచివాడే, ఒళ్లు దాచుకోడు. ఇకనుంచి సరుకు కొనే పార్టీలకి మెయిల్స్ వాడే రాస్తాడని ఓనరు గారు తేల్చేశారు. నేను రాసే ఇంగ్లీషు మరీ బోడిగా ఉంటుందట. సరే, నాకూ పని తగ్గింది అనుకున్నాను. వాడు రాసిన మొదటి పెద్ద మెయిల్ మలేషియా పార్టీకి. తొడిమ తీసిన తేజా రకం మిర్చి, ఒక కంటైనర్ బేరం. ఫిబ్రవరి చివర, మిర్చి యార్డులో లారీల కొద్దీ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతున్న రోజులు.

మిర్చి బేరంలో రంగు, ఘాటు ఎంత ముఖ్యమో తేమ అంతే ముఖ్యం. తేమ ఎక్కువైతే కాయకి బూజు పడుతుంది, బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం రావచ్చు, అది తేలిందంటే అవతలి పోర్టులో సరుకు ఆగిపోతుంది. అందుకే మలేషియా ఆయన ముందే రాశాడు, తేమ 11 శాతం దాటకూడదని. దానికి మనవాడు జవాబు రాయాలి. "కాయను కల్లంలో గట్టిగా ఎండబెట్టాం" అని తెలుగులో అనుకున్నాడు. గట్టిగా అంటే హార్డ్. యాడ్‌వర్బ్ కావాలంటే చివర ఎల్ వై అక్షరాలు తగిలించాలి. అంతే, "అవర్ చిల్లీస్ ఆర్ హార్డ్‌లీ డ్రైడ్ ఇన్ సన్‌లైట్" అని కొట్టాడు. అది చాలనట్టు చివర్లో మర్యాద కోసం ఇంకో వాక్యం: "వి ఆర్ హార్డ్‌లీ వర్కింగ్ ఆన్ యువర్ ఆర్డర్."

ఇంగ్లీషులో హార్డ్‌లీ అంటే దాదాపు లేదు అని అర్థం. అంటే అవతలాయనకి అందిన కబురు ఇదీ: మా కాయలు ఎండీ ఎండకుండా ఉన్నాయి, మీ ఆర్డరు పని కూడా మేం పెద్దగా చేస్తున్నది ఏమీ లేదు.

సాయంత్రానికల్లా ఒక్క లైన్ జవాబు వచ్చింది, ఎండని సరుకు నాకెందుకు అమ్మజూపుతున్నారని. ఓనరు గారు అప్పుడు ఊళ్లో కల్లం దగ్గర ఉన్నారు. ఫోన్ చేశారు.

"ఏవయ్యా, సరుకు ఎండలేదంటాడేంటి? వాడికి ఎవడు చెప్పాడు?"

"మనమే చెప్పామండీ" అన్నాను.

కుర్రాడు నా చేతిలో ఫోన్ తీసుకుని, "కాదు మావయ్యా, హార్డ్‌కి ఎల్ వై పెడితే యాడ్‌వర్బ్ అవుద్ది. అది రూలు. బాబాయ్‌కి తెలీదు" అన్నాడు. బాబాయ్ అంటే నేనే.

ఓనరు గారు రూళ్ల జోలికి పోలేదు. కల్లం నుంచే ఆ మలేషియా ఆయనకి వీడియో కాల్ చేసి, గుప్పెడు కాయలు ఫోన్ దగ్గర పెట్టి ఊపారు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. ముప్పై ఏళ్లు మిర్చి మీద బతికినవాడికి అంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి! పాపం, అవతలాయనకి గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదట. రిపోర్టు పంపమన్నాడు. అప్పుడు నా బోడి ఇంగ్లీషు మళ్లీ అవసరమైంది. "సన్ డ్రైడ్. మాయిశ్చర్ 10 పర్సెంట్. రిపోర్ట్ అటాచ్డ్" అని రాసి పంపాను. బేరం నిలబడింది. కాకపోతే ఇంకేదో సాకు చెప్పి రేటు కాస్త కోశాడు.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. కుర్రాడికి రూలు రాకపోవడం కాదు, వచ్చిన రూలే వాణ్ణి ముంచింది. తెలుగులో మనం "గా" అనగానే ఇంగ్లీషులో ఎల్ వై అనుకుంటాం. మనవాళ్ల యాడ్‌వర్బ్ తప్పుల్లో ముప్పాతిక వంతు ఇక్కడే పుడుతున్నాయని నా గట్టి నమ్మకం. "కోపంగా అరిచాడు" అన్నప్పుడు "హి షౌటెడ్ యాంగ్రిలీ" సరిపోతుంది, ఎందుకంటే ఎలా అరిచాడో చెబుతున్నాం. "కోపంగా ఉన్నాడు" దగ్గర కూడా అదే గా ఉంది, కానీ అక్కడ పనేమీ జరగడం లేదు, మనిషి ఎలా ఉన్నాడో చెబుతున్నాం. అందుకని "హి ఈజ్ యాంగ్రీ" అంతే. అందంగా ఉంది, రుచిగా ఉంది, ఘాటుగా ఉంది, ఏదైనా ఇంతే. గా తర్వాత "ఉంది" వస్తే ఎల్ వై వైపు పోకండి. లుక్, ఫీల్, టేస్ట్, స్మెల్ కూడా ఇలాంటి చోట ఉంది లాంటివే. పెళ్లి ఫొటోల కింద "యూ ఆర్ లుకింగ్ బ్యూటిఫుల్లీ" అని పెట్టేవాళ్లని చూస్తుంటాను. వాళ్ల అభిమానం మంచిదే, ఆ ఎల్ వై మాత్రం దండగ. ఇక "డాక్టరుగా పనిచేస్తున్నాడు"లో ఉన్న గా పూర్తిగా వేరు, అక్కడ "ఆజ్ ఎ డాక్టర్" అనాలి.

కొన్ని మాటలకి ఎల్ వై తగిలిస్తే అర్థమే మారిపోతుంది. బస్సు ఆలస్యంగా వస్తే "కేమ్ లేట్". లేట్‌లీ అంటే ఈమధ్య అని. నియర్ అంటే దగ్గర, నియర్‌లీ అంటే దాదాపు. హార్డ్ సంగతి చూశారుగా. ఫాస్ట్‌కి అసలు ఎల్ వై రూపమే లేదు, "రన్ ఫాస్ట్" అంటే చాలు.

ఈ ఫాస్ట్ దగ్గర నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. మా తమ్ముడి కూతురు విజయవాడలో ఒక పేరున్న స్కూల్లో ఐదో తరగతి చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు దాని నోట్సు చూశాను. స్లో పక్కన స్లోలీ, క్విక్ పక్కన క్విక్‌లీ, ఫాస్ట్ పక్కన ఫాస్ట్‌లీ. ఆ మూడోదానికి కూడా టిక్కు పెట్టి స్టార్ వేశారు టీచరమ్మ. కింద యాడ్‌వర్బ్స్ అని రాయించిన వరసలో ఫ్రెండ్లీ, లవ్లీ కూడా ఉన్నాయి. అవి యాడ్జెక్టివ్స్ అమ్మా అంటే, "మా మేడమ్ చెప్పారు పెదనాన్నా" అని అది నా వైపు జాలిగా చూసింది. ఆ స్కూలు ఫీజు చెబితే మీరు గ్రామర్ సంగతి మర్చిపోతారు. మా తమ్ముణ్ణి వెళ్లి అడగరా అంటే, "ఎందుకన్నయ్యా, రేపు పిల్ల మీద పెట్టుకుంటారు" అన్నాడు. కట్టేది మనం, భయపడేదీ మనమే.

తర్వాత, యాడ్‌వర్బ్ ఎక్కడ కూర్చోవాలన్నది. తెలుగులో "వాడు ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు" అన్నా, "వాడు బాగా ఇంగ్లీషు మాట్లాడతాడు" అన్నా నడిచిపోతుంది. ఇంగ్లీషులో క్రియకీ దాని కర్మకీ మధ్య ఇలాంటివాటిని దూర్చకూడదు. "హి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్" అనాలి, "హి స్పీక్స్ వెల్ ఇంగ్లిష్" అనకూడదు. ఆల్వేస్, ఆఫెన్ లాంటివి మామూలుగా క్రియకి ముందొస్తాయి, ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాతకి పోతాయి: "హి ఆల్వేస్ కమ్స్ లేట్", "హి ఈజ్ ఆల్వేస్ లేట్". మనం "ఆల్వేస్ హి ఈజ్ కమింగ్ లేట్" అంటాం. కసి అంతా ముందే కక్కేయాలి కదా మనకి! ఇవి బట్టీపడితే రావు. పేపర్లో ఒక్క వార్త తీసుకుని, అందులో యాడ్‌వర్బ్ ఎక్కడెక్కడ కూర్చుందో పెన్సిల్‌తో గీస్తూ పోండి. నాకు అబ్బింది అలాగే.

అసలు నేను చెప్పదలచుకున్నది వేరే. వ్యాపారం మెయిళ్లలో, ఇంటర్వ్యూల్లో యాడ్‌వర్బులు చాలావరకు అక్కర్లేదు. హైలీ, ఎక్స్‌ట్రీమ్లీ, సిన్సియర్లీ, ప్రాంప్ట్‌లీ... ఇప్పుడు ఫోన్లో యాప్‌ని అడిగితే అదే రాసి పెడుతోంది, ఇంకా పెరిగాయి. మంచి టిక్కీలో రంగు పోయిన తాలు కాయలు నాలుగు కనపడితే కొనేవాడు మొత్తం టిక్కీ రేటు తగ్గిస్తాడు, మాటల దగ్గరా అంతే. "ఫుల్లీ డ్రైడ్" అంటే ఏ కొనుగోలుదారూ నమ్మడు, "10 పర్సెంట్" అంటే నమ్ముతాడు. "డెలివరీ వెరీ షార్ట్‌లీ" అనే బదులు తేదీ రాయండి. మీరూ ఇంటర్వ్యూలో "ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్లీ హార్డ్ వర్కింగ్" అనకుండా చేసిన పని ఒకటి చెప్పండి. ఎన్ని బిల్లులు చూశారు, ఏ తప్పు పట్టుకున్నారు, అలాంటిది. ప్రతి జవాబుకీ ముందు వచ్చే బేసికల్లీ, యాక్చువల్లీ తీసేయండి. కాలేజీల్లో అది అంటురోగంలా ఉంది.

ఓన్లీ గురించి మాత్రం టెన్షన్ పడకండి. "ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు ఓన్లీ" అనేది మనవాళ్ల మధ్య హాయిగా నడుస్తుంది. బయటి దేశం వాళ్లకి రాసేటప్పుడు మాత్రం ఓన్లీ దేన్ని ఉద్దేశించిందో దాని పక్కనే పెట్టండి, లేకపోతే మన దగ్గర తేజా తప్ప ఇంకో రకమే లేదనుకుంటారు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయితే ఆ బాధ కూడా లేదు, అవతల కూర్చున్నవాళ్లూ అలాగే మాట్లాడతారు.