కంట్రోల్ ఏ నొక్కే ముందు

నాన్నా,

పదో తరగతి గణితం క్వశ్చన్ బ్యాంకు కంపోజింగ్ ఒప్పుకున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం పట్టలేక మీ పెదనాన్నను నిద్రలేపి మరీ చెప్పాను. ఆయన మళ్లీ పడుకున్నారు, నాకే నిద్ర పట్టలేదు. పెళ్లి పత్రికలో అక్షరం తేడా వస్తే వియ్యాలవారు నాలుగు మాటలంటారు, పడతాం. లెక్కల పుస్తకంలో గుర్తు తేడా వస్తే, పిల్లవాడు తప్పు తనదే అనుకుంటాడు. నా భయమంతా అక్కడే.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఫైలు రెండు చోట్ల దాచు. ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు, నువ్వు పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో ప్యాకేజీ చేసి ఫాంట్లతో సహా ఇవ్వు. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ప్రతి ఫాంటు పక్కనా ఎంబెడెడ్ అని, అంటే ఫైల్లోనే ఇమిడి ఉందని, ఉందో లేదో చూడు. పాత వర్డ్ ఫైళ్లలోని ఈక్వేషన్లు తెరుచుకోకపోతే కంగారుపడకు. ఆ ఈక్వేషన్ ఎడిటర్‌ను మైక్రోసాఫ్ట్ 2018 జనవరిలో తీసేసింది. ఈక్వేషన్లు కొట్టే మ్యాథ్‌టైప్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో తెరువు, లేదంటే మళ్లీ కొట్టుకోవడమే.

ఇక అసలు సంగతి. 2002 వేసవిలో విజయవాడలో మన డీటీపీ సెంటరుకు ఒక ఇంగ్లిషు మీడియం లెక్కల పుస్తకం వచ్చింది. అప్పట్లో పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. గుర్తులన్నీ సింబల్ ఫాంటులో ఒక్కొక్కటీ ఆల్ట్ నొక్కి నంబరు కొట్టి పెట్టినవే. రేపు ఫిల్ములు తీయాలనగా, ఏరియల్ బాగాలేదు, టైమ్స్ పెట్టమని పబ్లిషరు కబురు పెట్టాడు. రాత్రి పదకొండయింది. మీ అన్నయ్యకు జ్వరం. ఇంటికి పోవాలనే తొందరలో కంట్రోల్ ఏ కొట్టి, గుర్తులతో సహా అన్నీ ఒకేసారి ఎంచుకుని టైమ్స్ పెట్టేశాను.

ఆ ఫాంట్లలో గుర్తంటే గుర్తు కాదురా, ఒక ఇంటి నంబరు. 179వ నంబరు ఇంట్లో సింబల్ ఫాంటు ≥ను కాపురం పెట్టింది. టైమ్స్‌లో అదే నంబరులో ఘాతంగా రాసే చిన్న ³ ఉంటుంది. ఫాంటు మార్చావా, ఇల్లు అదే, మనిషి మారిపోతాడు. √ పోయి నెత్తిన రెండు చుక్కలున్న ఓ వచ్చింది. π పోయి ఇంగ్లిషు పీ వచ్చింది. ≤ ఉన్నచోటల్లా పౌను గుర్తు వచ్చింది. అవన్నీ కంటికి కొట్టినట్టు కనిపించాయి, కూర్చుని దిద్దాను. ³ మాత్రం లెక్కల పుస్తకంలో ఉండవలసినదానిలాగే ఉంది. ≠ స్థానంలో వచ్చిన ¹ కూడా అంతే. పౌను గుర్తు దిద్దిన చేతికి దాని జోడీ గుర్తు ఏమైందన్న అనుమానం రాలేదు. తెలుగు మీడియం పుస్తకమై ఉంటే ‘అను’ అనే తెలుగు ఫాంటు అక్షరాలన్నీ పిచ్చిగీతలై అప్పుడే బయటపడేది.

రెండు వేల కాపీలు అచ్చయ్యాయి. వారం తర్వాత ఒక కుర్రాడు సైకిలు మీద వచ్చాడు, పుస్తకంలో మన సెంటరు పేరు చూసి. అసమీకరణాల అధ్యాయం తెరిచి, "ఎక్స్³ 2 అని ఉందండీ, రెండుతో గుణించాలా?" అని అడిగాడు. నోటుబుక్కులో అదే లెక్క మూడుసార్లు చేసి కొట్టేశాడు. అక్కడ ఉండవలసింది ఎక్స్ ≥ 2. ఆ కొట్టివేతలు చూశాక నాకు మాట రాలేదు. ఆ తర్వాత బైండింగు షాపులో నేల మీద కూర్చుని, అమ్ముడుపోని కాపీలన్నిటిలో తప్పొప్పుల పట్టిక అంటించాను. మైదా జిగురు వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

నువ్వు గుర్తులన్నీ యూనికోడ్‌లోనే కొట్టు. అందులో ప్రతి గుర్తుకూ తన సొంత నంబరు ఉంటుంది, ఫాంటు మారినా మనిషి మారడు. ఫాంటులో ఆ గుర్తు లేకపోతే ఖాళీ డబ్బా కనిపిస్తుంది. డబ్బా వస్తే విసుక్కోకు, అది తన తప్పు తానే చెప్పుకుంటోంది. పబ్లిషరు పాత ఫైళ్లు ఇస్తే మాత్రం ముందు ఫైల్లోని ఫాంట్ల పేర్లు చూపే ఫైండ్ ఫాంట్ తెరిచి సింబల్ పేరు ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకో. పని మధ్యలో ఆ పేరు మాయమైతే అక్కడే ఆగిపో. ఇంకొకటి, ఘాతాలను మామూలు 3 కొట్టి సూపర్‌స్క్రిప్ట్ చెయ్యి. అప్పుడు ³ అనే అక్షరాన్ని వెతికితే దొరికిన ప్రతిదీ దొంగే. ఈ కిటుకు నాకు ఆ పట్టికలు అంటిస్తుండగా తట్టింది, ఏం లాభం!

రాత్రి పది దాటాక ఫాంట్ల జోలికి పోకు. ఒంటిగంట దాకా కూర్చుంటున్నావని, అన్నం పళ్లెం కీబోర్డు పక్కనే ఆరిపోతోందని మీ అమ్మ చెప్పింది. వినడానికి నాకేమీ ముచ్చటగా లేదు. నేనూ అలాగే చేసేదాన్ని, అందుకే తిడుతున్నాను.

మొదటి ఫారం, అదే ఒకేసారి అచ్చయ్యే మొదటి విడత పేజీల ప్రూఫు నాకు పంపు. ఫోనులో ఫొటో వద్దు, కాగితం మీద తీసి బస్సులో వేయించు. కళ్లజోడు మొన్ననే మార్పించుకున్నాను.

మీ పెద్దమ్మ