మెల్లో: రంగుకీ రుచికీ ఒకే మాటా?

ఇంగ్లిష్‌లో 'మెల్లో' అని రంగునీ అంటారు, రుచినీ అంటారు, తెలుగులో ఏమనాలి అని అడిగారు. దీని పాత అర్థం పళ్లదే: బాగా మగ్గి, మెత్తబడి, తీపెక్కిన పండు. మన విశాఖ వాళ్లకి సువర్ణరేఖ మామిడి గుర్తు చేసుకుంటే చాలు. గడ్డిలో మగ్గేసరికి పులుపు పదును పోతుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. ఆ రుచే మెల్లో. చప్పిడి అని కాదు సుమా, చాలామంది ఇక్కడే పొరబడతారు. రంగైతే కంట్లో గుచ్చుకోనిది: సాయంత్రం కైలాసగిరి మీద పడే నీరెండ పసుపు. మిట్టమధ్యాహ్నపు ఎండకి ఈ మాట నప్పదు. ఒక్క తెలుగు మాట వెతక్కండి. రుచికి 'మగ్గిన', రంగుకి 'కంటికి హాయైన' అంటాను నేను. వయసుతో కోపం తగ్గిన మావయ్యకీ ఇంగ్లిష్‌లో ఈ 'మెల్లో' మాటే వాడొచ్చు.